శ్రీశైలం రోడ్డు మీద రెండు రాత్రులు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ అక్కర్లేదు

హైదరాబాద్‌లో చాలామందిమి శ్రీశైలం పొద్దున వెళ్లి మర్నాటికి తిరిగొచ్చేస్తాం, మధ్యలో ఉన్న నల్లమలను కారు అద్దంలోంచి చూడటమే. ఈసారి నవంబర్ మొదట్లో అమ్మను తీసుకుని వెళ్లాం, ఒక రాత్రి అడవి అంచున ఉన్న మన్ననూర్‌లో, ఒక రాత్రి శ్రీశైలంలో. మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ మన్ననూర్‌లోనే ఉంటాను.

తుక్కుగూడ, ఆమనగల్లు, డిండి మీదుగా రోడ్డు బాగుంది. పెట్రోల్ మాత్రం అడవి మొదలయ్యేలోపే నింపుకోండి, లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, మేం ఎనిమిదింపావుకి చేరేసరికి టెన్షన్‌తో నాకు చెమటలు పట్టాయి. ఆ నియమం ఉండాల్సిందే, రాత్రి ఆ రోడ్డు జంతువులది.

అటవీశాఖ వాళ్ల కాటేజీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాం, బసతో పాటు సఫారీ, ట్రెక్కింగ్ ప్యాకేజీలోనే ఉన్నాయి. గది సాదాగా, శుభ్రంగా ఉంది. అసలు విలువంతా మాతో వచ్చిన చెంచు గైడ్‌దే. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ వైపు వెళ్తుంటే జీపు ఆపించి ఒక పుట్ట చూపించాడు. "ఎలుగుబంటి తవ్విందమ్మా, రాత్రిదే, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది చూడు" అన్నాడు. నేనొక్కణ్ణే అయితే దాన్ని మామూలు మట్టికుప్ప అనుకుని దాటిపోయేవాణ్ణి. కొండముచ్చులు ఒక్కసారిగా అరిస్తే, పులి దగ్గర్లో ఉందేమోనని ఇంజిన్ ఆపించి, మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసి పది నిమిషాలు కూర్చోబెట్టాడు. పులి కనపడలేదు, దుప్పులు, మనుబోతులు కనిపించాయి. పులి కోసమే వెళ్లకండి, వ్యూ పాయింట్ అంచున నిలబడి కింద మైదానం చూస్తే చాలు.

మల్లెలతీర్థం జలపాతానికి దాదాపు 350 మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కేటప్పుడు నరకం. అమ్మ పైనే కూర్చుంది. నీళ్లు ఇంకా బాగా పడుతున్నాయి, ఎండాకాలంలో మాత్రం వెళ్లొద్దు. ఆక్టోపస్ వ్యూ పాయింట్‌కి ఆ కష్టం లేదు, కొండల మధ్య పాయలు పాయలుగా చీలిన కృష్ణను అమ్మ కూడా చూసింది.

శ్రీశైలంలో కార్తీక సోమవారం రద్దీ ఉంటుందని తెలిసీ ఆ రోజే పెట్టుకోవడం మా తప్పు. కానీ లాడ్జి విషయంలో మాత్రం కోపమొచ్చింది. బుకింగ్‌లో చూపిన గది వేరు, ఇచ్చింది వేరు, దుప్పట్లు మార్చలేదు, వేడినీళ్ల బకెట్‌కు విడిగా డబ్బులు. డబ్బులు కట్టేముందు గది తెరిచి చూపించమని గట్టిగా అడగండి. పాతాళగంగ రోప్‌వే ఒక్కటే అమ్మకు నచ్చింది.

ఒక్క మాట, దారిలో కోతులకు బిస్కెట్లు, అరటిపళ్లు వేయకండి. అవి రోడ్డు మీదికి అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి, తిరుగు ప్రయాణంలో ఒక పిల్లకోతిని అలాగే చూశాం, దాని తల్లి పక్కనుంచి కదల్లేదు. అమ్మ డిండి వచ్చేదాకా మాట్లాడలేదు.