బరువు తగ్గాలంటే పొద్దున టిఫిన్ తినాలా? తినీ, మానీ చూశాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. బరువు తగ్గడానికి పొద్దున టిఫిన్ తినడం తప్పనిసరి కాదు. అలాగని మానేస్తే చాలు, తగ్గిపోతామనుకోవడమూ సరికాదు. పొద్దున తిన్నది, తిననిది సాయంత్రం ఐదు గంటల ఆకలిని ఏం చేస్తోందన్నదే చూసుకోవాలి. గుంటూరులో మా ఇంట్లో, ఒకే వంటగదిలో, మావారికి టిఫిన్ మానేయడం కలిసొచ్చింది, నాకు తినడం కలిసొచ్చింది. ఇద్దరం కొన్నేళ్లుగా ఇలాగే ఉంటున్నాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నా రోజు ఎలా ఉంటుందో చెబితేగానీ మిగతాది అర్థం కాదు. ఉద్యోగం విజయవాడలో. పొద్దున రైలు, సాయంత్రం రైలు, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. కుర్చీలో కూర్చుని చేసే పని. థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. నలభై దాటాక జాకెట్లు బిగుతవడం మొదలైంది. నడుము చుట్టుకొలత మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలంటారు. మా ఇద్దరిదీ దాటింది. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చూసే లెక్క కూడా మనవాళ్లకు 23 నుంచే అధిక బరువు కింద లెక్క, పాశ్చాత్యుల్లాగా 25 నుంచి కాదు.

మొదట నేను పట్టింది మానేసే పద్ధతే. ఇప్పుడు అందరి నోటా వినిపించే పదహారు గంటల ఉపవాసం. రాత్రి అన్నం తిన్నాక మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ విప్పేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. మొదట్లో పదింటికల్లా తలనొప్పి, చిరాకు. కొన్నాళ్లకు ఆ వేళకు ఆకలి వేయడమే తగ్గిపోయింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను మనం రోజూ తినే వేళలకు అలవాటుపడి, ఆ వేళకు కాస్త ముందే పెరుగుతుంది. మనం వేళ మారిస్తే అదీ మెల్లగా మారుతుంది. అందుకని 'టిఫిన్ లేకపోతే నిలబడలేను' అనేవాళ్లలో చాలామంది నిజానికి ఉండగలరనే నా నమ్మకం. మధుమేహం మందులు వాడేవాళ్ల సంగతి వేరు, అది చివర్లో రాస్తాను.

బరువు మొదట్లో బాగానే తగ్గింది. తర్వాత కదల్లేదు. ఎందుకో తెలియాలంటే సాయంత్రం మా ఆఫీసు చూడాలి. ఐదింటికి టీతోపాటు కింద బండి దగ్గర నుంచి పునుగుల పొట్లం వస్తుంది. అప్పుడే నూనెలోంచి తీసినవి, కాగితానికి నూనె అంటుకుని అవతల అక్షరాలు కనబడుతుంటాయి. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పక్కన అల్లం పచ్చడి. పొద్దున కడుపుకు తిన్న రోజు రెండు నోట్లో వేసుకుని మళ్లీ పని చూసుకుంటాను. టిఫిన్ లేని రోజుల్లో పొట్లం ఖాళీ అయ్యేదాకా చెయ్యి దాని మీదే ఉండేది. తర్వాత రైల్లో వేయించిన పల్లీలు, ఇంటికొచ్చాక రాత్రి భోజనంలో రెండు గరిటెలు ఎక్కువ అన్నం. మధ్యాహ్న భోజనం సరిగ్గానే తినేదాన్ని. అయినా సాయంత్రానికి అలా అయ్యేది.

మావారిది పూర్తిగా వేరే కథ. ఆయనకు ఎరువుల కొట్టు ఉంది, రోజంతా లేచి తిరుగుతూనే ఉంటారు. పొద్దున ఆయనకు చిన్నప్పటి నుంచీ ఆకలి ఉండదు. అత్తయ్యగారు పెడతారు కాబట్టి తినేవారు, ఇంట్లో తినని రోజు దారిలో హోటల్లో నేతి కారప్పొడి ఇడ్లీ తినేవారు. మానేస్తానన్నప్పుడు అత్తయ్యగారికి ఒకటే టెన్షన్. "ఖాళీ కడుపుతో కొట్టుకెళితే కళ్లు తిరిగి పడిపోతాడమ్మా, నువ్వైనా చెప్పు" అని నా వెంటపడ్డారు. ఏమీ కాలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికొచ్చి భోజనం, రాత్రి ఎనిమిదింటికి భోజనం, మధ్యలో చిరుతిళ్ల జోలికి పోరు. పొట్ట తగ్గింది, ప్యాంట్లన్నీ టైలర్ దగ్గర నడుము కుట్టించుకోవాల్సి వచ్చింది. తగ్గిన బరువు మళ్లీ పెరగలేదు. ఆయన మానేసినది నెయ్యి తేలే హోటల్ ఇడ్లీ అన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు. రోజూ అంత నెయ్యి పోతే ఎవరికైనా తేడా కనిపిస్తుంది.

ఇలా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండటం మా ఇంటికే ప్రత్యేకం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2014లో వచ్చిన ఒక ప్రయోగంలో, బరువు తగ్గాలనుకునే దాదాపు 300 మందిని విడదీసి, కొందరిని పొద్దున తినమన్నారు, కొందరిని మానమన్నారు. పదహారు వారాల తర్వాత బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి 13 ప్రయోగాలను కలిపి చూశారు. పొద్దున తినేవాళ్లు రోజు మొత్తం మీద 260 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు, మానేసినవాళ్ల బరువు సగటున అర కిలోకు కాస్త తక్కువగా తగ్గి ఉంది. ఆ ప్రయోగాలు చాలావరకు చిన్నవి, తక్కువ కాలం జరిగినవి అని వాళ్లే రాశారు. కాబట్టి ఆ అర కిలో చూసి ఎవరూ టిఫిన్ మానేయనక్కర్లేదు. అటు ఉపవాసం గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. 2020లో వచ్చిన ఒక అమెరికా ప్రయోగంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకే తిన్నవాళ్లకూ, మామూలుగా మూడు పూటలు తిన్నవాళ్లకూ పన్నెండు వారాల్లో బరువులో పెద్ద తేడా కనిపించలేదు.

మరి 'టిఫిన్ తినేవాళ్లే సన్నగా ఉంటారు' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో 1994 నుంచి ఒక జాబితా నడుస్తోంది. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్లు అందులో చేరతారు. వాళ్లలో 78 శాతం మంది రోజూ పొద్దున తింటామన్నారు. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ అలాంటివాళ్లు నడక, తూకం, రాత్రి తిండి అన్నీ పద్ధతిగా చూసుకుంటారు. తగ్గడం టిఫిన్ వల్లేనని ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు.

మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చుచేసే తీరు, దాని మాట కూడా. 'పొద్దున తినకపోతే మెటబాలిజం పడిపోతుంది' అని మా ఆఫీసులో రోజూ వినేదాన్ని. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో దీన్ని ఆరు వారాలపాటు కొలిచారు. పొద్దున తిన్నా, మధ్యాహ్నం దాకా తినకపోయినా, కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి మారలేదు. మారింది కదలిక. తిన్నవాళ్లు పొద్దున పూట ఎక్కువగా కదిలారు. ఇది నేను నా ఒంట్లో గమనించిందే. టిఫిన్ తిన్న రోజు ప్లాట్‌ఫాం మెట్లు గబగబా ఎక్కుతాను, తినని రోజు లిఫ్ట్ వైపు కాళ్లు పోయేవి.

ఇక అసలు విషయం, పళ్లెంలో ఏముంది అన్నది. తినాలా వద్దా అని వాదించుకునేవాళ్లు దీన్ని పట్టించుకోరని నా బాధ. మన టిఫిన్లన్నీ ఒకటి కావు. నాలుగు చిన్న ఇడ్లీలు సుమారు 200 కేలరీలు. తేలికే. కానీ పక్కన పల్లీ చట్నీ చూడండి. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, దాదాపు 170 కేలరీలు. పైన తాలింపు నూనె. నాలుగు ఇడ్లీలకు గిన్నెడు చట్నీ తినే అలవాటు మనది, కాబట్టి చట్నీయే ఇడ్లీని దాటిపోతుంది. పైగా నాలుగు ఇడ్లీల్లో ప్రోటీన్ ఆరేడు గ్రాములే. అందుకే ఎనిమిదింటికి ఇడ్లీ తిని పదింటికి మళ్లీ ఆకలి అంటాం. పూరీ, గారె, మైసూర్ బజ్జీ సంగతి రాయనక్కర్లేదు. ఉప్మా ఇంట్లో తక్కువ నూనెతో, నిండా కూరముక్కలు వేసి చేసుకుంటే పర్వాలేదు, కానీ నాకది రెండు గంటలకు మించి ఆగదు.

నా చేత టిఫిన్‌ని మళ్లీ పట్టించింది పెసరట్టు. పొట్టుతో ఉన్న పెసలు రాత్రి నానబోస్తాను, మనిషికి 50 గ్రాముల లెక్కన. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, గుప్పెడు బియ్యం వేసి రుబ్బుతాను. పులియబెట్టే పని లేదు. పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి తుడిచి, పిండి పలచగా తిప్పి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ అద్ది, అంచుల వెంట చెంచాతో కొలిచి నూనె వేస్తాను. సీసా ఎత్తి పోస్తే ఎంత పడిందో తెలియదు, చెంచా అయితే తెలుస్తుంది. టీ చెంచా నూనె నలభై కేలరీల పైమాట, సీసాతో పోస్తే సులువుగా మూడు చెంచాలు పడుతుంది. ఇనప పెనం పాతబడి నునుపెక్కితే ఒక్క చెంచా చాలు, అట్టు దానంతటదే అంచు లేపుకుంటుంది. ఆ 50 గ్రాముల పెసల్లో పదకొండు పన్నెండు గ్రాముల ప్రోటీన్ ఉంది. రెండు అట్లు, ఒక ఉడికించిన గుడ్డు కలిపితే ప్రోటీన్ పద్దెనిమిది గ్రాముల దగ్గరకు వస్తుంది, కేలరీలు 350 దాటవు. అల్లం పచ్చడిలో బెల్లం పడుతుంది కాబట్టి చెంచాడే. లోపల ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు నాకు ప్రాణం, అది పండక్కి.

ఈ టిఫిన్ తిన్నాకే పునుగుల పొట్లం నాకు అడ్డు రాకుండా పోయింది. ఆగిపోయిన బరువు మళ్లీ మెల్లగా దిగింది. పెసరట్టు ఒక్కటే రోజూ విసుగు, అందుకని మధ్యలో శనగల గుగ్గిళ్లు, మొలకలు, కూరగాయలు వేసిన గుడ్డు అట్టు, వేసవిలో రాగి అంబలి. అంబలిలో మజ్జిగ ఎక్కువ పోసినా ఆకలి తొందరగానే వేస్తుంది, పక్కన గుడ్డు ఉండాల్సిందే.

పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ అనే పద్ధతి కూడా కొన్నాళ్లు చేశాను. ఇజ్రాయెల్‌లో 2013లో వచ్చిన ఒక ప్రయోగంలో రోజుకు 1400 కేలరీలు తినే ఆడవాళ్లలో, పొద్దున 700, రాత్రి 200 తిన్నవాళ్లు దానికి తలకిందులుగా తిన్నవాళ్లకంటే బాగా ఎక్కువ తగ్గారు. 2022లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో చేస్తే మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకేలా తగ్గారు, కాకపోతే పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువగా ఉంది. నా అనుభవం అబర్డీన్ వాళ్ల మాటకు దగ్గర. ఆకలి నిజంగానే తగ్గింది. కానీ ఏడున్నరకు ఇల్లు చేరి, అందరూ కూర్చుని తింటుంటే నేను మజ్జిగ గ్లాసుతో కూర్చోవడం ఎక్కువకాలం సాగలేదు. మా ఇంట్లో అందరం కలిసి తినే పూట అదొక్కటే. దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

ఎనిమిదిలోపే తినాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. మా తాతయ్య తెల్లవారుజామునే పొలం వెళ్లి, ఎండెక్కాక గట్టు మీద కూర్చుని చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ తినేవారు. అప్పటికే సగం పూట పని అయిపోయేది. నేను ఇప్పుడు ఇంట్లో తినను. డబ్బాలో తీసుకెళ్లి తొమ్మిదిన్నరకు ఆఫీసులో తింటాను. దీనికి థైరాయిడ్ మాత్ర కూడా ఒక కారణం. అది ఖాళీ కడుపుతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి, ఆ లోపు కాఫీ కూడా తాగకూడదు. రైలు వేళకు ఇదంతా కుదిరేది కాదు.

టిఫిన్ మానేసేవాళ్లు ఒకటి గమనించండి. టిఫిన్ మానతారు, టీ మానరు. కప్పుకు రెండు చెంచాల పంచదార చొప్పున మూడు టీలు తాగితే రోజుకు 25 గ్రాములు దాటిపోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు సుమారు అంతే. మావారు పంచదార లేకుండా తాగడం నేర్చుకున్నాకే ఆయన ఉపవాసం నిజంగా పనిచేయడం మొదలుపెట్టింది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లకూ ఇదే చెబుతాను. అన్నం మాని రాత్రి నాలుగు పూరీలు తింటే దేవుడి మొక్కు తీరుతుంది, బరువు విషయంలో మాత్రం లాభం ఉండదు.

మీకేది సరిపోతుందో తెలియాలంటే రెండు మూడు వారాలు టిఫిన్ తిని, రెండు మూడు వారాలు మాని, సాయంత్రం నాలుగు నుంచి పడుకునేదాకా తిన్నవన్నీ రాసుకోండి. తూకం కంటే ఆ కాగితమే ముందు చెబుతుంది. మాని ఉన్న వారాల్లో ఆ జాబితా పొడవైతే మీరు నాలాంటివాళ్లు, టిఫిన్ తినండి. మారకపోతే మావారిలాంటివాళ్లు, ఆకలి లేకుండా బలవంతంగా తినకండి.

మధుమేహం ఉండి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు దీన్ని సొంతంగా ప్రయత్నించవద్దు. మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. మా మావయ్యగారు కొడుకుని చూసి తనూ మానేస్తానన్నారు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లు పొద్దున మానేస్తే మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత షుగర్ ఇంకా ఎక్కువ పెరుగుతుందని కూడా చెప్పారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బడికెళ్లే పిల్లలు కూడా ఉపవాసాల జోలికి పోకూడదు. మీ ఇంట్లో ఇలాంటివాళ్లు ఎవరైనా టిఫిన్ మానదలచుకుంటే, ముందు మందుల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మోతాదు, వేళ మార్చాలో లేదో ఆయన చెప్పాకే మొదలుపెట్టండి.