బీచ్ పక్కన ఫ్లాట్, నెలకు గ్యారంటీ అద్దె అంటున్నరా? హన్మకొండ, వరంగల్, కరీంనగర్ వాళ్లు పైసలు కట్టకముందే చదవండి

మొన్న ఎండాకాలం హన్మకొండల ఒక హోటల్ హాలు కిరాయికి తీసుకొని రెండు రోజులు ప్రాపర్టీ మేళా పెట్టిండ్రు. విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు పక్కన స్టూడియో ఫ్లాట్లు. 650 చదరపు అడుగులు, 42 లక్షలు. తాళాలు చేతికిచ్చిన నాటి నుంచి మూడేండ్ల దాకా నెలకు 28 వేలు గ్యారంటీ అద్దె, టూరిస్టులను వాళ్లే చూసుకుంటరట.

నేను రిటైరైన టీచర్‌ను. గ్రాట్యుటీ పైసలు బ్యాంకుల ఉన్నయి. మా ఇంటామె ‘మనం ఏడాదికొకసారి కూడ పోని ఊర్ల ఇల్లేంది, హసన్‌పర్తి దిక్కు జాగ చూడరాదా’ అన్నది. నేను వినలే. ‘రేపటి నుంచి రేటు పెరుగుతది సార్’ అంటే ఆ సాయంత్రమే 9 లక్షలు కట్టి రసీదు తెచ్చుకున్న.

రెండు నెలల తర్వాత గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చూడబోయిన. జాగల సరుగుడు చెట్లు, ఇసుక, ఒక బోర్డు తప్ప ఏం లేదు. పక్కన మాత్రం నాలుగేండ్ల కింద కట్టిన అదే రకం బిల్డింగ్ ఉన్నది. వాచ్‌మన్ మంచి మనిషి, లోపలికి తీస్కపోయి చూపిచ్చిండు. బాల్కనీ గ్రిల్స్ తుప్పు పట్టి చేత్తో ముట్టుకుంటే పొరలు పొరలుగా ఊడుతున్నయి. ఏసీ బయటి యూనిట్లు కొన్ని ఇప్పటికే రెండోసారి మార్చిండ్రట. ఉప్పుగాలికి తలుపు బందులు, కుళాయిలు, లిఫ్టు తీగలు ఏవీ ఆగయట. నేను పోయింది మంగళవారం. ఒక అంతస్తుల ఎనిమిది ఫ్లాట్లుంటే ఏడింటికి తాళాలే. శనివారం, ఆదివారం, సంక్రాంతి సెలవులు తప్పితే జనం రారన్నడు.

అక్కడనే రాజమండ్రి నుంచి వచ్చిన ఒక ఓనర్ కలిసిండు. అంతే సైజు ఫ్లాట్‌ను 31 లక్షలకు ఏడాది నుంచి అమ్మకానికి పెట్టిండట, కొనేటోడు లేడు. నెలసరి కిరాయికి ఇస్తే 11 వేలు వస్తున్నయట, అందులకెళ్లి మెయింటెనెన్స్ 3,250. ఆ రాత్రి లాడ్జిల కూసొని లెక్క రాసుకున్న. నెలకు 28 వేలు, మూడేండ్లకు 10 లక్షల 8 వేలు. పక్క బిల్డింగ్ రేటుకు, నాకు చెప్పిన రేటుకు తేడా 11 లక్షలు. అంటే ఆ గ్యారంటీ అద్దె ముందుగాలనే నా ధరల కలిపి, నా పైసలే నెలనెలా నాకు ఇస్తరన్నమాట. మూడేండ్లు దాటినంక చేతికి వచ్చేది ఏడాదికి 93 వేలు, 42 లక్షల మీద రెండు శాతం పైచిలుకు. ఇంటి పన్ను, మరమ్మతులు అందులకెళ్లే పోవాలె. ఆ పైసలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా ఇంతకంటే చాన ఎక్కువ వస్తయి. ఈ లెక్క స్టాల్ దగ్గరనే చేసుంటే బాగుండు.

ఇంకా పెద్ద సంగతి సీఆర్‌జెడ్, అంటే సముద్రం ఒడ్డు పొంటి కట్టుడు మీద ఉండే తీర నియంత్రణ రూల్స్. భద్రకాళి చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చేదాకా ఉండే గీత), బఫర్ (దాని చుట్టు కట్టకుండ ఇడిసే జాగ) అంటే మనకు ఎరుకే. 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు నాలాల కబ్జాల గురించి అందరం మాట్లాడుకున్నం. సముద్రానికి కూడ అట్లాంటి గీత ఉంటదని నాకు తెల్వదు. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కేదాకా ఒక గీత, ఆడికెళ్లి భూమి దిక్కు 500 మీటర్ల దాకా కేంద్రం పెట్టిన తీర నియంత్రణ రూల్స్ వర్తిస్తయి. అందుల కొంత జాగల కొత్తగ కట్టుడే బంద్. కేరళల మరడు అనే ఊర్ల ఈ రూల్స్ తప్పి కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్లను సుప్రీంకోర్టు ఆర్డర్ మీద 2020 జనవరి 11, 12 తారీకులల్ల బాంబులు పెట్టి కూలగొట్టిండ్రు. అందుల ఉన్నోళ్లు దొంగలు కాదు, మనలెక్క లోన్లు తీస్కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నోళ్లే. నా ప్రాజెక్టుకు సీఆర్‌జెడ్ క్లియరెన్స్ కాయితం చూపమంటే ‘ప్రాసెస్‌ల ఉంది సార్’ అన్నరు. రెరా (ఫ్లాట్లు కట్టి అమ్మేటోళ్ల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ) నంబరు అడిగితే ‘అప్లై చేసినం’ అన్నరు.

రెరా చట్టం 2016ల వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన జాగల ఎనిమిదికి మించి ఫ్లాట్లు కడితే నంబరు లేకుండ ప్రకటన ఇయ్యొద్దు, బుకింగ్ తీసుకోవద్దు. ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండ ధరల పది శాతానికి మించి తీసుకోవద్దు. నా ధరకు పది శాతం అంటే 4 లక్షల 20 వేలు. నేను కట్టింది 9 లక్షలు, ఒప్పందం లేదు, ఉన్నది రసీదు ఒక్కటే. అమ్మే ఏజెంటుకు కూడ రెరా నంబరు ఉండాలె, అది సుత లేదు.

పైసలు వాపస్ అడిగితే మూడు నెలలు తిప్పుకొని 3 లక్షలు ఇచ్చిండ్రు. మిగతా 6 లక్షలు క్యాన్సిలేషన్ చార్జీ కింద పోయినయట. ఆ మాట రసీదుల యాడా లేదు. జాగ ఆంధ్రల ఉంది కాబట్టి ఫిర్యాదు హైదరాబాద్ రెరాల నడవది, ఆంధ్రప్రదేశ్ రెరాకే పెట్టాలె. పోయిన నెల ఆన్‌లైన్ల పెట్టిన.

ఆ హోటల్ మేళాల కట్టినోళ్లు మన దగ్గర ఇంకా ఉంటరు. ఆ సాయంత్రం నా వెనక క్యూల పరకాల నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నరు, బిడ్డ పెండ్లికని దాచిన పైసలని చెప్పుకున్నరు. వాళ్లు గానీ, వాళ్లను ఎరిగినోళ్లు గానీ ఇది చదివితే మిగతా కిస్తులు ఆపుండి. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజులు, స్టాల్‌ల ఇచ్చిన రంగుల పుస్తకం ఏదీ పారెయ్యకుండ్రి. నాకు మెసేజ్ పెట్టుండి, నేను పెట్టిన ఫిర్యాదు కాపీ పంపిస్త.