సాఫో తర్వాత ఎవరు: అనీతేనా, ఎరిన్నానా, నొస్సిసా?

ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫోని చదివినవాళ్లు ఆ తర్వాత దాదాపు ఒకటే అడుగుతారు: "ప్రాచీన గ్రీసులో ఆమె తప్ప ఆడవాళ్లెవరూ రాయలేదా?" రాశారు. ఆంటిపేటర్ అనే కవి తొమ్మిదిమంది కవయిత్రుల పేర్లు ఒకే పద్యంలో కూర్చి, ఆకాశంలో తొమ్మిదిమంది కళాదేవతలుంటే భూమి మీద వీళ్లు తొమ్మిదిమంది అన్నాడు. అందులో సాఫోని పక్కన పెడితే మిగిలేది ఎనిమిదిమంది. వాళ్లలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చెప్పదగ్గ పేర్లు నా లెక్కలో మూడే.

ఎవరినడిగినా ముందు ఎరిన్నా పేరే చెబుతారు. నేను మాత్రం అనీతేతో మొదలుపెట్టమంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఎరిన్నా సంగతి చూడాలి.

ఎరిన్నాది క్రీ.పూ. 4వ శతాబ్దం అంటారు. చిన్ననాటి స్నేహితురాలు బౌకిస్ పెళ్లయిన కొత్తలోనే చనిపోతే ఆమె మీద 300 పంక్తుల కవిత రాసిందని, తనూ 19 ఏళ్లకే పోయిందని కథ. ఇది విన్నాక కవిత చదవకముందే సగం మార్కులు వేసేస్తాం. కవితలో "పంతొమ్మిదో" అనే మాట ఉంది కాబట్టి, ఆమె ఆయుష్షు లెక్క అక్కడి నుంచే పుట్టిందేమోనని అనుమానించేవాళ్లూ ఉన్నారు.

ఆ కవిత ముక్క ఒకటి ఈజిప్టులోని ఆక్సిరింకస్ తవ్వకాల్లో 1928లో బయటపడింది. చిరిగిన పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) మీద 54 పంక్తుల దాకా ఉన్నాయి, చాలావాటికి మొదలు లేదు, లేదంటే చివర లేదు. మిగిలినంతలోనే ఏమేం ఉన్నాయో చూడండి: పిల్లలు పెరట్లో ఆడే తాబేలాట, బొమ్మలు, పెద్ద చెవులతో నాలుగు కాళ్ల మీద నడుస్తూ మొహం మార్చే మోర్మో అనే బూచి. పెళ్లయ్యాక బౌకిస్ అమ్మ చెప్పినవన్నీ మర్చిపోయిందట, ఆ మరుపు ఇచ్చింది ప్రేమదేవత అఫ్రొడైటీ. ఇక స్నేహితురాలి శవాన్ని చూడ్డానికి కూడా ఎరిన్నా గడప దాటకూడదు, జుట్టు విరబోసుకుని ఏడవకూడదు. గొప్ప కవితే, సందేహం లేదు.

కానీ మనం చదివేది ఎంతవరకు ఎరిన్నా? అనువాదం తీసుకుంటే వాక్యాలు చక్కగా సాగిపోతుంటాయి. మూలం తీస్తే సగం పంక్తుల్లో బ్రాకెట్లు, లోపల పండితులు ఊహించి పెట్టిన మాటలు. ఇద్దరు పండితులు ఒకే ఖాళీని రెండు రకాలుగా నింపుతారు. మనకి బాగా నచ్చిన మాట ఇరవయ్యో శతాబ్దపు ప్రొఫెసర్‌గారిది అయినా అయి ఉండొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పరు.

అందుకే నేను ముందు చూసేది పద్యం పూర్తిగా మిగిలిందా లేదా అని. ఎరిన్నా విషయంలోనే దీనికి రుజువుంది. బౌకిస్ సమాధి మీద ఆమె రాసిన చిన్న పద్యాలు రెండు చెక్కుచెదరకుండా దొరికాయి. ఒకదాంట్లో, పెళ్లిపాట పాడుతూ పట్టిన కాగడాలతోనే మామగారు కోడలి చితికి నిప్పు పెడతాడు. 54 పంక్తుల ముక్క కన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇదే. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో కవయిత్రే నిర్ణయించింది కాబట్టి.

అనీతేవి ఇలాంటివే ఇరవై దాకా ఉన్నాయి. ఊరు గ్రీసులో ఆర్కేడియా ప్రాంతంలోని తెగియా, కాలం క్రీ.పూ. 300 ప్రాంతం. ఎక్కువభాగం నాలుగేసి పంక్తులే. చాటుపద్యాలు అలవాటున్నవాళ్లకి ఈ కొలత కొత్తగా అనిపించదు. ఒకటి చనిపోయిన కోడిపుంజు మీద. రెక్కలు తెడ్లలా ఆడిస్తూ, తెల్లారకముందే లేచి నన్ను పక్క మీంచి లేపేదానివి, ఇక లేపవు అంటుంది. ఎందుకంటే నువ్వు నిద్రపోతుంటే దొంగచాటుగా వచ్చినదేదో నీ గొంతులో గోరు దించి చంపేసింది. అంతే పద్యం. ఊరందరినీ లేపేది తాను నిద్రలో పోయింది. ఆ మాట అనీతే అనదు, మన చేతే అనిపిస్తుంది.

ఇంకోదాంట్లో మీరో అనే చిన్నపిల్ల తన మిడతకీ కీచురాయికీ కలిపి ఒకే సమాధి కట్టి కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఎవరెంత బతిమాలినా వినని యముడు హేడిస్ ఆమె ఆటవస్తువులు రెండూ పట్టుకుపోయాడు మరి. (దీన్ని లియోనిడాస్ అనే కవికి అంటగట్టేవాళ్లూ ఉన్నారు, నేను అనీతే వైపే.) పిల్లలు మేకపోతుకి ఎర్ర పగ్గాలు కట్టి గుడి చుట్టూ గుర్రప్పందేలు నేర్పిస్తుంటారు మరోదాంట్లో. పెళ్లి కాకుండానే పోయిన ఆడపిల్లల సమాధి పద్యాలు వేరే ఉన్నాయి. ఆంటిపేటర్ ఈమెను "స్త్రీ హోమర్" అన్నాడు. హోమర్ ఇలియడ్ లాంటి యుద్ధకావ్యమేదీ ఈమెది మనకి దొరకలేదు కానీ, హోమర్ నుంచి తెచ్చుకున్న గంభీరమైన మాటల్ని పెరటి జంతువులకి వాడిన తీరు చూస్తే ఆ బిరుదు తప్పనిపించదు.

ఈమెకీ ఒక కథ ఉంది, పౌసానియస్ అనే గ్రీకు యాత్రికుడు రాశాడు. వైద్యదేవుడు ఇచ్చిన సీలు వేసిన పలకను అనీతే నౌపాక్టస్ అనే ఊళ్లో చూపు మందగించిన ఒకాయనకి తీసుకెళ్లి ఇస్తే, అది చదవబోయి ఆయనకి చూపొచ్చిందట, 2000 బంగారు నాణేలు ఇచ్చాడట. కవులకి అంత ముట్టిందంటే దేవుడి సిఫార్సు ఉండాల్సిందే.

నొస్సిస్ దక్షిణ ఇటలీలోని లోక్రి మనిషి. మిగిలినవి డజను పద్యాలు, అన్నీ పూర్తివే. ప్రేమ కన్నా తియ్యనిది లేదు, తేనెని కూడా ఉమ్మేశానంటుంది. మితిలీన్‌కి ఓడలో వెళ్లేవాళ్లతో, సాఫో ఊళ్లో నా పేరు చెప్పండి అంటుంది. పొగరు ముచ్చటగా ఉంటుంది. గుడికి బట్ట ఇచ్చినప్పుడు అమ్మ పేరు, అమ్మమ్మ పేరు చెప్పుకుంటుంది, తండ్రి ఊసే లేదు. సాఫోలో మీకు నచ్చింది ప్రేమే అయితే అనీతే కన్నా ముందు ఈమెనే తీసుకోండి, అభ్యంతరం లేదు.

మిగతావాళ్లలో కొరిన్నాకి ప్రసిద్ధ గ్రీకు కవి పిండార్‌ని పోటీలో ఓడించిందన్న పేరుంది, కానీ ఆమె ఏ శతాబ్దమో ఇంకా తేలలేదు. ప్రాక్సిల్లాలో చనిపోయిన అడోనిస్ (అఫ్రొడైటీ ప్రియుడు) సూర్యుణ్ని, నక్షత్రాల్ని, చంద్రుణ్ని, వాటితో పాటు దోసకాయల్ని తలుచుకునే మూడు పంక్తులు చాలు. టెలెసిల్లా కవిత్వం కన్నా స్పార్టా సైన్యానికి ఎదురు నిలిచిన కథకే ఎక్కువ ప్రసిద్ధి.

అనీతే, నొస్సిస్ ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం పని. తర్వాత ఎరిన్నాకి రండి, అయితే బ్రాకెట్లు తీసేయని అనువాదమే ఎంచుకోండి.