ఇంట్లో ఎస్ప్రెస్సోకి చేతి గ్రైండరా, కరెంటు గ్రైండరా?

భీమవరం, పాలకొల్లు వైపు మనవాళ్ళు ఎస్ప్రెస్సో మెషీన్ కొన్న కొత్తలో తిప్పి తిప్పి అడిగేది ఇదేనండి, నిన్న బానే వచ్చింది, ఇవాళ పుల్లగా వచ్చింది, మెషీన్ మార్చేయాలా అని. మెషీన్ జోలికి పోకండి, ముందు గింజలు ఆడే గ్రైండర్ సంగతి చూడండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు, ఈ లెక్క అందరికీ తెలిసిందే, పంపు 9 బార్ల ఒత్తిడితో తోసినా ఆ నీళ్ళు ఎంతసేపట్లో దిగాలో తేల్చేది మాత్రం పొడి ఎంత సన్నగా ఉందన్నదే, కాలవకి లాకు తలుపులాగ.

అందుకే నేను చూసేది ఒక్కటి, గ్రైండర్ సెట్టింగు ఒక్క క్లిక్ (ఒక మెట్టు) తిప్పితే పొడి సైజు ఎంత మారుద్ది అని. చేతి గ్రైండర్లలో టైమ్‌మోర్ సీ2 పోరోవర్‌కి, అంటే పొడి మీద వేడినీళ్ళు పోసి వడగట్టే కాఫీకి, చక్కగా ఉంటది, కానీ క్లిక్‌కి దాదాపు 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జరుగుద్ది, ఒక క్లిక్‌లో కాఫీ బుడబుడా జారిపోద్ది, పక్క క్లిక్‌లో చుక్క పడదు, మధ్యలో ఆగే చోటే లేదు. కింగ్‌గ్రైండర్ కే6 అయితే 16 మైక్రాన్లు, వన్‌జీప్రెస్సో జే అల్ట్రా అయితే 8. మన డెల్టాలో ఇది ఇంకా ముఖ్యం, ఎండల్లో కుదిరిన నంబరు ముసురు పట్టాక కుదరదు, గాల్లో తేమ మారితే అవే గింజలు అదే సెట్టింగులో వేరే టైముకి దిగుతాయి, అప్పుడు రెండు క్లిక్కులు అటో ఇటో జరిపితే సరిపోవాలి కదా.

కరెంటు వాటిలో సన్నగా జరిగేవి లేవని కాదు, బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీలో 40 సెట్టింగులుంటే మొదటి 20 ఎస్ప్రెస్సోకే ఇచ్చారు, డీఎఫ్54కి అసలు క్లిక్కులే ఉండవు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. కాకపోతే చేతి దాంట్లో మోటారు ఖర్చు లేదు కాబట్టి అదే డబ్బుకి మెరుగైన బర్ (గింజల్ని నలిపే పళ్ళ చక్రం) వస్తది. పైగా లోపల పొడి పెద్దగా మిగలదు. కరెంటు దాని గొట్టంలో నిన్నటి పొడి కాస్త ఉండిపోయి, మన తేమకి ముద్దకట్టి, పొద్దున్నే మొదటి కప్పులో కలిసిపోద్ది, రోజూ దులుపుకోవాలి.

అలాగని చేతిదే కొనమని అందరికీ చెప్పనండి. 18 గ్రాములు ఎస్ప్రెస్సోకి ఆడించడానికి నిమిషం దాకా పడుద్ది, లైట్ రోస్ట్ (తక్కువ వేయించిన గట్టి గింజలు) అయితే జబ్బ లాగేస్తది, సంక్రాంతికి అల్లుళ్ళు, బావమరుదులు దిగి అందరికీ ఒకేసారి కాపుచినో అంటే కోడిపందేలకి మీరు వెళ్ళలేరు. కీళ్ళనొప్పులున్నా కరెంటుదే.

మిక్సీ వద్దు. కొట్లో ఆడించిన పొడి డబల్ వాల్ బాస్కెట్‌లో, అంటే బయటి అడుగున ఒకటే సన్న చిల్లున్న పొడి గిన్నెలో, పర్లేదు, అందులో వచ్చే నురగ ఆ చిల్లు చేసే పని, మీ పనితనం కాదు. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి మాత్రం ఫిల్టర్‌కే ఉంచండి.

ఇద్దరు తాగే ఇల్లయితే కే6 తీసుకుని, మిగిలిన డబ్బుతో 0.1 గ్రాము చూపించే చిన్న కాటా, రోస్ట్ తేదీ వేసిన అరకు గింజలు తెచ్చుకోండి. గింజలు పావుకిలో మించి ఒకేసారి వద్దు, వానాకాలంలో మరీనూ.