మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్త రూపం: వాడి చూసిన మీదట

మండపేట పరిసరాల్లోని మా రైస్ మిల్లులో చాలాకాలంగా వాడుతున్న లెక్కల సాఫ్ట్‌వేర్‌కు తయారీదారులు ఇటీవల పూర్తిగా కొత్త రూపం ఇచ్చారు. పాతదానిలో ఒక్క ధాన్యం లోడు నమోదుకు గుమాస్తా రైతు ఖాతా, కాటా చీటీ, తేమ శాతం, హమాలీ ఖర్చులను వేర్వేరు తెరలపై నింపవలసి వచ్చేది. నడుమ ఏ తెర మూసుకుపోయినా పని మళ్లీ మొదటికొచ్చేది. ఇప్పుడవన్నీ ఒకే పేజీలో, కాటా దగ్గర పని నడిచే వరుసలోనే ఉన్నాయి. లారీ నిండు బరువు, ఖాళీ బరువు కొట్టగానే నికర బరువు క్వింటాళ్లలోనూ, పక్కనే మనకు అలవాటైన 75 కిలోల బస్తాల్లోనూ కనిపిస్తుంది. తేమ 17 శాతం దాటితే ఆ గడి ఎర్రబడుతుంది గాని నమోదును అడ్డుకోదు. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు వాన తగిలిన ధాన్యం తరచూ వచ్చే ఈ ప్రాంతంలో హెచ్చరించి ఊరుకోవడమే సబబు.

అమ్మకాల విభాగంపై మాత్రం అంత శ్రద్ధ పెట్టినట్టు లేదు. లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యం సంచులపై 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది, 26 కిలోల సంచికి పడదు. బరువును బట్టి తానే గుర్తించవలసిన ఈ తేడాను సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ గుమాస్తా నెత్తినే పెడుతోంది. అంతకన్నా పెద్ద లోపం, పాత కీబోర్డు షార్ట్‌కట్లను తీసివేయడం. మౌస్ ముట్టకుండా బిల్లు కొట్టే అనుభవజ్ఞులకు ఈ అందమైన తెర నెమ్మదిగానే తోస్తుంది. వాటిని తిరిగి చేర్చేదాకా పెద్ద మిల్లులు ఆగడం మంచిది. కొత్తగా కంప్యూటర్ లెక్కలకు మారే చిన్న మిల్లులు నిశ్చింతగా తీసుకోవచ్చు.