హైదరాబాద్‌లో ఇంజన్ బోరింగ్‌కి ఏది మేలు: మెకానిక్ చెప్పిన లేతా, రాణిగంజ్ షాపా, సర్వీస్ సెంటరా?

బండి నీలం పొగ కొడుతుంది, ఆయిల్ తింటుంది. మెకానిక్ హెడ్డు విప్పి "బోర్ పోయింది" అంటాడు. అంటే పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ అరిగిందని. ఆ గోడని మిషన్ మీద కొంచెం వెడల్పుగా కోసి పెద్ద పిస్టన్ వేయడమే బోరింగ్. ఆ తర్వాత ఇంజన్ ఎన్నాళ్లు నడుస్తుందన్నది విప్పి బిగించేవాడి కన్నా, బ్లాకు (సిలిండర్ ఉన్న భాగం) ఎవరి మిషన్ మీదికి ఎక్కుతుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చాలామంది ఆ మిషన్‌ని గానీ, దాన్ని నడిపేవాణ్ణి గానీ చూడరు. బ్లాకు సంచిలో వెళ్తుంది, సంచిలో తిరిగొస్తుంది.

షాపు ఏదైనా మొదటి పరీక్ష ఒక్కటే: పిస్టన్ చేతికి రాకముందే బోర్ కొట్టేస్తానంటే అక్కడ పని ఇవ్వొద్దు. స్ప్లెండర్ బోరు 50 మి.మీ. 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ (అంటే అంత పెద్ద) పిస్టన్ తెచ్చారంటే బోరు సరిగ్గా 50.25కి కొట్టి వదిలేయడం కాదు. డబ్బా మీద అదే సైజు రాసున్న రెండు పిస్టన్లు మైక్రోమీటర్ కింద మి.మీ.లో వందో వంతు తేడా చూపించొచ్చు. ఇలాంటి చిన్న ఇంజన్లలో పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన ఖాళీయే 0.03, 0.04 మి.మీ. దగ్గర ఉంటుంది. అందులో 0.01 మి.మీ. పోతే పావు వంతు పోయినట్టే. కాబట్టి పిస్టన్ స్కర్టుని (కింది భాగాన్ని) పిన్నుకి అడ్డంగా, తయారీదారు చెప్పిన ఎత్తులో కొలవాలి. ఆ కొలతకి క్లియరెన్స్ (ఉండాల్సిన ఖాళీ) కలిపితే వచ్చేదే బోరు సైజు. ఖాళీ తక్కువైతే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మొదటి దూర ప్రయాణంలోనే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమంటుంది, మళ్లీ ఆయిల్ తింటుంది.

వెళ్లగానే "అన్నా, క్లియరెన్స్ ఎంత పెడ్తవ్?" అని అడగండి. "స్టాండర్డే పెడ్తం" అంటే అది జవాబు కాదు. "పిస్టన్ తెచ్చినవా? ఏ కంపెనీది?" అని ఎదురు ప్రశ్న వేసినవాడు పని తెలిసినవాడు. లేత్ షాపుల్లో ఇంకా థౌ లెక్కే నడుస్తుంది. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మి.మీ. "ఒకటిన్నర థౌ పెడ్తా" అంటే 0.038 అన్నమాట. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెతో అది సరిపోతుందో లేదో అక్కడే లెక్క వేసుకోవచ్చు.

మెకానిక్ ద్వారా పంపడం

ఇందులో ఉన్న మేలు బాధ్యత ఒకే చోట ఉండటం. ఇంజన్ మళ్లీ విప్పాల్సి వస్తే అతనే విప్పుతాడు. స్ప్లెండర్, ప్యాషన్, యాక్టివా లాంటి సింగిల్ సిలిండర్ బండ్లకి, లోపల పోత ఇనుము స్లీవ్ (గొట్టం) ఉన్న బ్లాకులకి, మంచి మెకానిక్ ఏళ్లుగా వెళ్తున్న లేత్ ఉంటే వేరే చోటు వెతకక్కర్లేదు.

చిక్కల్లా అతను ఆ లేత్‌ని దేనికి ఎంచుకున్నాడన్నది. పని బాగుంటుందనా, సాయంత్రానికల్లా ఇచ్చేస్తారనా, లేక బిల్లులో తనకి వాటా ఉంటుందనా? తెలుసుకోవాలంటే బ్లాకుతో పాటు మీరూ ఒకసారి వెళ్లండి. వెళ్లనివ్వకపోతే అది కూడా ఒక జవాబే. అసలు బోర్ అవసరమా అన్నది కూడా అక్కడే తేలుతుంది. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా, మొత్తం ఆరు కొలతలు తీయాలి. గుండ్రం తప్పడం, టేపర్ (పైకీ కిందికీ సైజు తేడా) రెండూ మాన్యువల్ హద్దులోనే ఉంటే కొత్త రింగులు, తేలికపాటి హోనింగ్ (గోడని రాళ్లతో సన్నగా రుద్దడం) చాలు. వేలు పెట్టి చూసి "బోర్ కొట్టాలె" అనేవాడికి ఎదురు చెప్పాలంటే ఆ ఆరు అంకెలు మీ దగ్గరుండాలి.

బైకు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) పని మాత్రం చిన్న లేత్ వాళ్లకే ఇవ్వడం మేలని చెప్తాం. చాలా బైకుల్లో క్రాంక్ ముక్కలుగా ఉండి ప్రెస్‌తో కూర్చోబెట్టినది. కనెక్టింగ్ రాడ్ కిట్ మార్చాక రెండు సెంటర్ల మధ్య పెట్టి, డయల్ గేజ్ చూస్తూ రాగి సుత్తితో కొట్టి సరిచేయాలి. రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే వంకర) 0.05 మి.మీ. దాటితే బండి కాళ్లకింద వణుకుతుంది, మెయిన్ బేరింగులు త్వరగా పోతాయి. రోజూ ఇదే పని చేసే చేతికి ఇది అరగంట వ్యవహారం. కార్ల షాపులో ఇది ఎప్పుడో గానీ రాదు.

రాణిగంజ్, బాలానగర్, ఆటోనగర్

కారు ఇంజన్‌కి నేరుగా పెద్ద రీకండిషనింగ్ షాపుకి వెళ్లడమే మంచిది. నిలువు బోరింగ్ మిషన్, హోనింగ్ మిషన్, సర్ఫేస్ గ్రైండర్, క్రాంక్ గ్రైండర్, వాల్వ్ సీట్ కట్టర్ ఒకే కప్పు కింద ఉన్నచోట బ్లాకు నాలుగు షాపులు తిరగదు, ఎవరి తప్పో అన్న వాదన కూడా ఉండదు. రాణిగంజ్ వైపున్న అనుకూలం చుట్టూ విడిభాగాల దుకాణాలుండటం. పిస్టన్ కొలిచి నచ్చకపోతే నడిచివెళ్లి మార్చుకోవచ్చు. ఉషా, గోయెట్జె, ఐపీఎల్ కంపెనీల పిస్టన్లలో ఏది కొన్నా బిల్లు, డబ్బా రెండూ దాచుకోండి. నకిలీ సరుకు తిరిగే ఊరిది.

బాలానగర్, జీడిమెట్ల షాపులది వేరే తీరు. టూల్ రూమ్ శిక్షణ ఇచ్చే సీఐటీడీ ఉన్న ప్రాంతమది, జాబ్ వర్క్ చేసే యూనిట్లు ఎక్కువ. అంకె చెప్తే ఆ అంకెకి కోసిస్తారు. కానీ వాళ్లలో చాలామందికి ఇంజన్ అనేది ఇంకో లోహపు ముక్క. రింగు గ్యాపు ఎంత, హోనింగ్ గీతలు ఏ కోణంలో ఉండాలి అన్నది మీరే చెప్పాలి. కొత్తగా చేయించుకునే విడిభాగానికి, అరిగిన బుష్‌కి, తెగిన థ్రెడ్‌కి అక్కడికి వెళ్లొచ్చు. మొత్తం ఇంజన్ పని అప్పగించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. విజయవాడ హైవే మీది ఆటోనగర్ లారీలు, బస్సుల లోకం. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చడం, పెద్ద డీజిల్ క్రాంక్ గ్రైండింగ్ అక్కడ నిత్యం జరిగేవే. మీ చిన్న పెట్రోలు కారు హెడ్డు మాత్రం అక్కడ వరుసలో వెనక పడుతుంది.

పెద్ద షాపులో చూడాల్సినవి ఇవి. బోర్ కట్టర్‌తో సైజు మొత్తం తీసేయకూడదు; చివరి 0.05 మి.మీ. దాకా హోనింగ్‌కి మిగల్చాలి. గోడ మీద గీతలు ఒకదాన్నొకటి సుమారు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో దాటాలి. అడ్డంగా పడుకున్న గీతలు రింగుల్ని అరగదీస్తాయి, నిలువుగా ఉన్నవి ఆయిల్‌ని ఆపవు. హోనింగ్ అవగానే బ్లాకు వేడిగా ఉంటుంది, చల్లారాకే చివరి కొలత తీయాలి. అల్యూమినియం పిస్టన్ ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మే నెల ఎండలో కారు డిక్కీలోంచి తీసిన పిస్టన్‌ని నీడలో ఉన్న బ్లాకు పక్కన కొలిస్తే 20 డిగ్రీల తేడాకే 50 మి.మీ. పిస్టన్ 0.02 మి.మీ. పెరిగి కనిపిస్తుంది. అది చూసి బోరు కొడితే ఖాళీ ఎక్కువైపోతుంది. రెండూ ఒక బల్ల మీద గంటసేపు పక్కపక్కన పెట్టాలి, అంతే.

ఆ తర్వాత కడగడం. మంచి బోరింగులు ఇక్కడే పాడవుతాయి. పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడిస్తే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. వెంటనే ఇంజన్ ఆయిల్ పూయాలి, లేకపోతే వానాకాలంలో గంటల్లోనే తుప్పు పడుతుంది. షాపువాడు కడిగిచ్చినా ఇంట్లో ఇంకోసారి కడగండి.

హెడ్డు సంగతి వేరే. ఈ ఊళ్లో రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు చాలా హెడ్డుల్ని తినేసింది. నీటి దారుల్లో సున్నం పేరుకుని, ఇంజన్ వేడెక్కి హెడ్డు వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే చాలా కార్లకి 0.05 మి.మీ. దగ్గరే హద్దు. ఫేసింగ్‌కి (హెడ్డు ముఖాన్ని చదును చేయడానికి) ముందే ప్రెజర్ టెస్ట్ అడగండి. పగుళ్లున్న హెడ్డుకి ఎంత నున్నగా ఫేసింగ్ చేసినా దండగ. ఎంత తీశారో రాయించుకోండి. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. పొరల స్టీల్ గాస్కెట్ ఉన్న ఇంజన్‌కి బెల్ట్ సాండర్ మీద రుద్దిచ్చే షాపు పనికిరాదు. కొన్ని డీజిల్ ఇంజన్లకి హెడ్డు ఫేసింగ్‌నే తయారీదారు ఒప్పుకోడు, గాస్కెట్ మందం కూడా పిస్టన్ ఎంత పైకి వస్తుందో కొలిచే ఎంచాలి. వాల్వ్ సీట్లు కోశాక పోర్టులో పెట్రోలు పోసి కాసేపు చూడండి, చుక్క కూడా కారకూడదు.

సర్వీస్ సెంటర్

ఖరీదైన దారి, కానీ కొన్ని బండ్లకి వేరే దారి లేదు. కేటీఎం డ్యూక్ 390 బోరుకి నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది. యమహా ఆర్15లో స్లీవ్ లేని, డయాసిల్ అనే గట్టి అల్యూమినియం సిలిండర్. వీటిని మామూలు బోరింగ్ బార్‌తో కోస్తే పూత గానీ గట్టి గోడ గానీ పోతుంది. "స్లీవ్ వేసిస్తా" అనేవాళ్లున్నారు. స్లీవ్ బిగువు సరిగ్గా లేకపోతే వేడి బయటికి పోదు, పిస్టన్ పట్టేస్తుంది. వీటికి కొత్త సిలిండర్, పిస్టన్ కిట్ కొనడమే లాభం. కారు విషయంలో సర్వీస్ సెంటర్ తరచూ హాఫ్ ఇంజన్ (హెడ్డు లేని కింది భాగం) మార్చమంటుంది, లేదా మిషన్ పని బయటి షాపుకే పంపుతుంది. పంపితే ఏ షాపుకో, కొలతల కాగితం ఇస్తారో లేదో ముందే అడగండి. వారంటీ మిగిలున్న బండిని మాత్రం బయట విప్పనివ్వొద్దు.

పాత ఇంజన్ కొని మార్చేద్దామన్న సలహా కూడా వస్తుంది. బైకులో ఇంజన్ నంబరు క్రాంక్‌కేస్ మీద ఉంటుంది కాబట్టి సిలిండర్ మారినా నంబరు మారదు. కారులో నంబరు బ్లాకు మీదే. బ్లాకు మారిస్తే ఆర్టీఏలో ఆర్‌సీ మార్పించుకోవాలి. పాత ఇంజన్‌కి బిల్లు లేకపోతే దాని జోలికి పోవద్దు.

బిల్లు దగ్గర

"ఫుల్ ఇంజన్ పని ఇంత" అన్న ఒక్క అంకె ఒప్పుకోవద్దు. బోరింగ్, హోనింగ్, ఫేసింగ్, వాల్వ్ సీట్లు, క్రాంక్ గ్రైండింగ్, కూలీ, విడిభాగాలు వేర్వేరుగా రాయించండి. విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. ఇంకా 28 వేసి చూపిస్తే అడగండి. బిల్లుతో పాటు పిస్టన్ కొలత, చివరి బోరు కొలత, క్లియరెన్స్, క్రాంక్ ఎంత తగ్గించారు, హెడ్డు ఎంత తీశారు అన్నవి కాగితం మీద రావాలి. అది ఇవ్వనన్న షాపు ఎంత చవకైనా వద్దు.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంతో గంటలు గంటలు నడపొద్దు, లోడు లాగించొద్దు, తర్వాత ఆయిల్ మార్చండి. అప్పటికీ పొగ ఆగకపోతే ముందు కంప్రెషన్ కొలిపించి అంకె రాసుకోండి. ఇంజన్ విప్పేటప్పుడు మెకానిక్, మిషన్ షాపువాడు ఇద్దరూ అక్కడే ఉండాలి. ఒక్కరి సమక్షంలో విప్పితే తప్పు ఎప్పుడూ రెండోవాడిదే అవుతుంది. తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. ఆ కొలతల కాగితం, కంప్రెషన్ అంకె, విప్పినప్పటి ఫోటోలు దగ్గర పెట్టుకుని చేయండి.