ఇంటి స్లాబుకు మామూలు కాంక్రీటా, యూహెచ్‌పీసీనా?

ఇల్లు కడుతున్న బంధువు ఒకాయన మొన్న ఫోన్ చేశాడు. "మామూలు దానికంటే ఆరింతలు గట్టి కాంక్రీటు వచ్చిందట, మన స్లాబు సగం మందంలో పోసేద్దామా?" అని. వద్దన్నాను.

లెక్క చూడండి. ఇళ్లకు పోసే ఎం25 రకం కాంక్రీటు నలుగుడుకు ఆగే బలం 25 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలమానం). యూహెచ్‌పీసీ, అంటే అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీటు, 150కి, ఆ పైకీ వెళ్తుంది. కానీ స్లాబు మందాన్ని ఎక్కువగా తేల్చేది బలం కాదు, వంగుడు. యూహెచ్‌పీసీ బిగువు, అంటే వంగకుండా ఆపే గుణం, మామూలు కాంక్రీటుకు దాదాపు రెట్టింపే. ఐదంగుళాల స్లాబును సగం చేస్తే మందం వల్ల బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ రెట్టింపు కలిపినా అదే బరువుకు స్లాబు నాలుగింతలు వంగుతుంది. పైన పిల్లలు గెంతితే కింద ఫ్యాను ఊగుతుంది!

పైగా యూహెచ్‌పీసీలో కంకర ఉండదు. ఘనపు మీటరుకు 700 కిలోలు దాటే సిమెంటు, సిలికా ఫ్యూమ్ అనే అతి మెత్తని పొడి, సన్నని ఉక్కు తీగ ముక్కలు పడతాయి. నీళ్లు సిమెంటులో ఐదో వంతు. సైట్లో తిప్పే చిన్న మిక్సర్‌కు లొంగే సరుకు కాదు. ధర సంగతి చెప్పక్కర్లేదు. ఎత్తైన టవర్ల కింది స్తంభాలకు కూడా ఎం60, ఎం80తో పని జరిగిపోతుంది.

మరి దీని చోటు ఎక్కడ? స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున షియోన్ వయాడక్టులున్నాయి, 1960లలో కట్టిన జంట వంతెనలు. వాటి కంకరలోని సిలికా సిమెంటు క్షారాలతో కలిసి, నీరు పీల్చి ఉబ్బే జెల్‌గా మారుతోందని తేలింది. కూల్చి మళ్లీ కట్టలేదు. 2014, 2015లలో డెక్ (వాహనాలు నడిచే పై పలక) పైన నాలుగైదు సెంటీమీటర్ల యూహెచ్‌పీసీ పొర పోశారు, లోపల కడ్డీలు వేసి. నీరు దిగకుండా ఆగింది, డెక్‌కు బలమూ పెరిగింది. మామూలు కాంక్రీటులో మిగులు నీరు ఆరి సన్నని దారులు మిగులుతాయి. అంత పలుచని పొరతో ఈ పని దానివల్ల కాదు.

నాకు ఇంకా నచ్చేది జాయింట్లు. ఎం25లో 16 ఎంఎం కడ్డీకి 50డి లెక్కన, అంటే కడ్డీ మందానికి 50 రెట్లు, 80 సెంటీమీటర్ల ల్యాప్ (రెండు కడ్డీలు పక్కపక్కన కలిసి ఉండే పొడవు) కావాలి. అమెరికాలో ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చిన) డెక్ పలకల మధ్య జానెడు సందులో యూహెచ్‌పీసీ పోస్తారు. కవర్ (కడ్డీ చుట్టూ ఉండే కాంక్రీటు మందం) సరిగ్గా ఉంటే ఎనిమిది కడ్డీ మందాల పొడవుకే పట్టు వస్తుంది. ట్రాఫిక్ ఆపే రోజులు తగ్గితే ఖరీదు గిట్టుబాటవుతుంది.

మా బంధువుకు మాత్రం ఎం25 చాలు, కవర్ బ్లాకులు పెట్టించి, మేస్త్రీ కోరినన్ని నీళ్లు పోయనివ్వకుండా, పది రోజులు తడి ఆరనివ్వకుండా చూస్తే. అదే ఉప్పుగాలి తగిలే కోస్తా వంతెన డెక్ అయితే నా ఓటు మారుతుంది. అయితే ఉప్పు ఎక్కిన పాత కాంక్రీటును చెక్కి తీశాకే పై పొర పోయాలి. లేకపోతే కింద కడ్డీలు తుప్పు పడుతూనే ఉంటాయి.